ఆరోగ్య ప్రచారానికి సెల్‌ఫోన్.. ఆదమరిస్తే ముప్పు

ముదిగుబ్బ: వేరుసెనగ చేలల్లో కలుపు తీసే రోజుల్లో పాముకాటు భయం ఈ కరవు సీమకు కొత్తది కాదు. ఇప్పుడు ఆ భయానికి తోడుగా చేతిలోని సెల్‌ఫోన్‌కు చిట్కాలు సైతం వచ్చి పడుతున్నాయి. కాటుకు పైభాగాన తాడు బిగించి కట్టాలని ఒక సందేశం, గాయాన్ని బ్లేడుతో కోసి రక్తం పీల్చివేయాలని మరొకటి. రెండూ ప్రమాదకరమే. బిగించి కడితే రక్తప్రసరణ నిలిచి కాలికో, చేతికో ముప్పు వాటిల్లుతుంది. కోస్తే రక్తస్రావం అధికమవుతుంది. బాధితుడిని నడిపించకుండా, కాటుపడిన అవయవం కదలకుండా చూస్తూ, 108 వాహనంలో విషవిరుగుడు ఇంజెక్షన్ లభించే ఆసుపత్రికి చేర్చడమే సరైన మార్గం. ఇంత చిన్న విషయం గ్రూపుల్లో తిరుగుతున్న చిట్కాల హోరులో వినిపించడం లేదు. ఆశా కార్యకర్తలు, యువజన సంఘాల వారు, ఉపాధ్యాయులు వాట్సప్, ఫేస్‌బుక్‌లను ఆరోగ్య ప్రచారానికి వినియోగించడం అభినందనీయమే. అయితే ఆ పనికి కొన్ని కట్టుబాట్లు తప్పనిసరి.

ఉమ్మెత్త గింజల అనుభవం

తప్పుడు సందేశం ఎంతటి చేటు తెస్తుందో తెలుసుకునేందుకు దూరం వెళ్లనవసరం లేదు. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒక వ్యక్తి సెల్‌ఫోన్‌లో కరోనా వీడియోలు చూసి, తనకూ ఆ వ్యాధి సోకిందని భ్రమించి ప్రాణం తీసుకున్నాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో అదే జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో పది మందికి పైగా ఉమ్మెత్త గింజల రసం తాగి ఆసుపత్రి పాలయ్యారు. అది కరోనాను రానివ్వదని టిక్‌టాక్ వీడియోలో చూసి నమ్మడమే అందుకు కారణం. (ఆ యాప్‌ను 2020 జూన్‌లో కేంద్రం నిషేధించింది. వీడియోలు మాత్రం ఇతర వేదికలకు తరలిపోయాయి.) ఉమ్మెత్త విషమని మన పల్లెల్లో పశువులు కాసే పిల్లలకు సైతం తెలుసు. తెరపై ఒకరు ధైర్యంగా చెప్పేసరికి తెలిసిన సంగతే మరుగున పడింది. విషాదం అదే.

ఒకే సందేశం ఎక్కువ మందికి చేరకుండా వాట్సప్ సంస్థ 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి అయిదు చాట్లకు, 2020 ఏప్రిల్‌లో పలుమార్లు తిరిగిన వాటిని ఒక్క చాట్‌కు పరిమితం చేసింది. అటువంటి సందేశంపై రెండు బాణాల గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు ఉన్నంత మాత్రాన అది అబద్ధమని కాదు. కానీ ఎవరు రాశారో ఎవరికీ తెలియదని మాత్రం అర్థం. ఆరోగ్య ప్రచారకులు దాన్ని ముట్టుకోకపోవడం ఉత్తమం.

సందేశంలో ఏముండాలి

ఫ్లోరైడ్ విషయమే తీసుకుందాం. ఉమ్మడి అనంతపురం జిల్లాలో అనేక గ్రామాల బోరునీటిలో ఈ సమస్య దశాబ్దాలుగా ఉంది. సత్యసాయి తాగునీటి పథకం 1990లలో మొదలు కావడానికి అదీ ఒక కారణం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. 'నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుంది' అన్న సందేశం పూర్తిగా తప్పు. మరిగిస్తే నీరు ఆవిరై, మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ గాఢత మరింత పెరుగుతుంది. 'ఈ బోరు నీటిని పరీక్షించారు, తాగవద్దు, కుళాయి నీరు పట్టుకోండి' అని రాయదలచిన వారు ఏ గ్రామం, ఏ బోరు, ఏ తేదీన పరీక్షించారు, ఎవరు పరీక్షించారన్నది తప్పక చేర్చాలి. తేదీ లేని సందేశం రెండేళ్ల తరువాత మళ్లీ తిరిగి, మరమ్మతైన పథకంపైనా భయం రేపుతుంది.

చదువు రాని పెద్దలకు ఆడియో సందేశమే మేలు. అందులోనూ మాట్లాడేవారి పేరు, హోదా, తేదీ మొదటనే చెప్పాలి.

రోగి పేరు బయటపడరాదు

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. వంకర తిరిగిన కాళ్లతో ఉన్న చిన్నారి ఫొటో పెడితే నలుగురూ స్పందిస్తారన్నది నిజమే. అదే ఫొటోను మోసగాళ్లు తీసుకుని, ఫోన్ నంబరు మార్చి విరాళాలు దండుకోవడమూ జరుగుతోంది. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా బిడ్డ ముఖం చూపరాదు. సమ్మతి ఉన్నా వీలైతే ముఖం లేని చిత్రమే వాడాలి. పరీక్ష నివేదికపై పేరును ఫోన్‌లోని రంగు గీతతో కప్పితే చాలదు. వెలుతురు పెంచితే అక్షరాలు బయటపడవచ్చు. ఆ భాగాన్ని కత్తిరించివేయాలి.

హెచ్ఐవీ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. పొరుగున ఉన్న బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రికి చికిత్స కోసం దూర ప్రాంతాల నుంచి బాధితులు వస్తుంటారు. శిబిరం ఫొటో పేరుతో వరుసలో నిలుచున్న వారిని చిత్రీకరించి గ్రూపులో పెడితే ఊరిలో వారి బతుకు దుర్భరమవుతుంది. 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం బాధితుల వివరాల గోప్యతకు రక్షణ కల్పించింది.

గ్రూపు కంటే ప్రసార జాబితా

గ్రూపులో చేరిన ప్రతి మహిళ ఫోన్ నంబరూ మిగిలిన వారందరికీ కనిపిస్తుంది. అర్ధరాత్రి వేధింపు కాల్స్‌కు ఇదే దారి అవుతోంది. ప్రసార జాబితా ద్వారా పంపితే ఒకరి నంబరు మరొకరికి తెలియదు. అయితే పంపేవారి నంబరును తమ ఫోన్‌లో దాచుకున్న వారికే అది చేరుతుంది. గ్రూపే నడపవలసి వస్తే నిర్వాహకులు మాత్రమే రాసేలా అమరిక చేసుకోవచ్చు. రెండంచెల ధ్రువీకరణ పిన్ పెట్టుకోని నిర్వాహకుడి ఖాతా చోరీ అయితే, అతని పేరుతోనే అందరికీ మోసపు లింకులు వెళతాయి. ఆరోగ్యశ్రీ కార్డు, టీకా నమోదు పేర్లతో వచ్చే లింకులు తెరవరాదు, ఓటీపీ చెప్పరాదు. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కు ఫోన్ చేయాలి.

ఎంత జాగ్రత్త వహించినా ఒక్కోసారి తప్పు సందేశం వెళుతుంది. వాట్సప్‌లో రెండు రోజులకు పైగా దాన్ని అందరి ఫోన్ల నుంచి తొలగించే వీలుంది. తొలగించి ఊరుకోకుండా, అది చేరిన ప్రతి గ్రూపుకూ సవరణను పంపినవారే తమ పేరుతో పంపాలి. సవరణ ఎప్పుడూ మొదటి సందేశమంత వేగంగా తిరగదు గనుక, దానిని మరుసటి రోజూ మరోసారి పంపడం మంచిది.