తూకం చెప్పని ఫిట్‌నెస్

ఆగస్టు వచ్చిందంటే అమెరికాలోని తెలుగు ఇళ్లలో హడావిడి మొదలవుతుంది. ఇక్కడ పెరిగిన పిల్లలు కాలేజీ డార్మ్‌లకు బయల్దేరతారు. హైదరాబాద్, విజయవాడల నుంచి ఎంఎస్ చదువులకు కొత్తవాళ్లు దిగుతారు. ఇంటికి ఫోన్ చేస్తే పెద్దవాళ్లు ముందుగా చూసేది చిక్కారా, ఒళ్లు చేశారా అనే. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క టెస్టు పాసైతే ప్రోగ్రామ్ మొత్తం బాగుందని మేం అనుకోం. ఒంటికీ అదే సూత్రం వర్తిస్తుందని నా నమ్మకం.

బీఎంఐనే తీసుకోండి. అది ఎత్తుకూ బరువుకూ మధ్య లెక్క మాత్రమే. ఆ బరువులో కండ ఎంతో, కొవ్వు ఎంతో చెప్పదు. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యూడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యూడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా ఉన్నాడు కదా అని మన పిల్లల విషయంలో నిశ్చింతగా ఉండలేం అనడానికి ఇదే ఉదాహరణ.

ఇక దమ్ము సంగతి. అమెరికా వైమానిక దళంలో డాక్టర్‌గా ఉన్న కెన్నెత్ కూపర్ 12 నిమిషాల పరుగు పరీక్షను 1968లో వెల్లడించారు. ఎంత దూరం పరుగెత్తారన్నదానికీ, ల్యాబ్‌లో కొలిచిన ఆక్సిజన్ వినియోగానికీ దాదాపు 0.9 సహసంబంధం కనిపించింది. 1 వస్తే రెండూ పూర్తిగా కలిసి నడుస్తున్నట్టు. అంటే ఖరీదైన ల్యాబ్ పరీక్ష లేకున్నా, గ్రౌండ్‌లో పరుగు దమ్ము గురించి చాలావరకు చెప్పేస్తుంది.

కానీ అది కండబలం గురించి చెప్పదు. బరువైన కుర్రాడి పిడికిలి పట్టు తరచూ గట్టిగానే ఉంటుంది. అతనే పుల్‌అప్స్‌లో, పరుగులో వెనకబడొచ్చు. ఎందుకంటే అక్కడ తన బరువును తానే మోయాలి. ముందుకు వంగి కాలివేళ్లు అందుకోగలిగినంత మాత్రాన దమ్మున్నట్టూ కాదు, బలమున్నట్టూ కాదు.

అందుకే సెమిస్టర్ మొదట్లో పిల్లలతో నాలుగు అంకెలు రాసిపెట్టించండి: నడుము చుట్టుకొలత, 12 నిమిషాల్లో పరుగెత్తిన దూరం, ఆపకుండా తీసిన పుష్‌అప్స్, కూర్చుని వంగితే చెయ్యి అందినంత దూరం. ఆస్తమా, గుండె సమస్యలుంటే ముందు డాక్టర్‌ను అడగాలి. సెమిస్టర్ చివర మళ్లీ కొలిస్తే ఎక్కడ వెనకబడ్డారో వాళ్లకే తెలుస్తుంది. పోలిక రూమ్మేట్‌తో కాదు, తమ పాత అంకెలతోనే.

వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలా యూనివర్సిటీలు ఫీజుల్లోనే జిమ్ డబ్బులు కూడా కట్టించుకుంటాయి. కట్టింది ఎలాగూ కట్టాం, పిల్లల్ని ఆ గడప తొక్కమని చెబుదాం.