ఒక్క పూస మారితే

ఈ దినము మీ వంటింటిలో నుండే మన మాటలు ఆరంభిద్దాం. చారులో పోపు పెట్టినప్పుడు ఎప్పుడైనా గమనించారా? నూనె పైకి తేలి చిన్న చిన్న బొట్లుగా కనబడుతుంది. కొంతసేపటికి ఆ బొట్లు ఒకదానినొకటి చేరి పెద్దవవుతాయి. ఉప్పు మాత్రం కనబడకుండా కరిగిపోతుంది. ఎందుకని?

నూనెకు నీరంటే గిట్టదని అనుకుంటాం. నిజానికి నీటి అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని ఉంటాయి. ఉప్పు, పంచదార వంటివి ఆ చేతులను అందుకోగలవు. నూనె అందుకోలేదు. గనుక నీరు తన వారి చేతులు విడువక, నూనెను ప్రక్కకు నెట్టివేస్తుంది. అలా నెట్టబడిన నూనె అంతా ఒకచోట చేరుతుంది. నీటిని కోరే వాటిని హైడ్రోఫిలిక్ అనీ, నీటికి ఎడముగా ఉండే వాటిని హైడ్రోఫోబిక్ అనీ శాస్త్రజ్ఞులు పిలుస్తారు.

ఇంత చిన్న సంగతి మీద మన శరీరంలోని ప్రతి కణమూ ఆధారపడియున్నది. కణము చుట్టూ ఉన్న పొర రెండు వరుసల కొవ్వు అణువులతో కట్టబడిన గోడ. ప్రతి అణువుకు నీటిని కోరే తల ఒకటి, నీటికి ఎడముగా ఉండే తోకలు రెండు. తలలు నీటివైపు తిరుగుతాయి, తోకలు మధ్యలో దాగుకొంటాయి. మేస్త్రీ లేడు, సున్నం లేదు, అయినా గోడ నిలుస్తుంది! కణంలోని మాంసకృత్తులు కూడ నూనె గుణము గల భాగాలను ఎక్కువగా లోపలికి మడుచుకొని, నీటిని కోరే వాటిని బయట ఉంచుకొంటాయి.

మరి నూనె గుణము గల భాగం ఒక్కటి బయట మిగిలిపోతే?

మన రక్తంలో ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అందులోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు పూసల వలె గుచ్చబడి ఉంటాయి. ఆరవ పూస గ్లుటామిక్ ఆమ్లం. అది నీటిని కోరేది. కొందరికి పుట్టుకతోనే దాని స్థానంలో వాలిన్ ఉంటుంది. అది నీటికి ఎడముగా ఉండేది. మారినది ఒక్క పూసే! కాని హిమోగ్లోబిన్ తన ప్రాణవాయువును దించిన తరువాత, ఆ వాలిన్ ప్రక్క హిమోగ్లోబిన్‌లోని నూనె గుణము గల గుంటలో దూరి దాగుకొంటుంది. ఒకటి వెంట ఒకటి అతుక్కొని పొడవాటి కడ్డీలవుతాయి. గుండ్రని ఎర్ర కణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాలకు అడ్డుపడుతుంది. భరించలేని నొప్పి కలుగుతుంది. 120 దినాలు బ్రతకవలసిన కణం 10, 20 దినాలకే నశిస్తుంది. ఇదే సికిల్ సెల్ వ్యాధి.

దీనికి మూలం హిమోగ్లోబిన్‌లోనే ఉన్నదని 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు చూపించారు. మారిన పూస ఏదో 1957లో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చాడు.

ఇది దూరదేశపు సంగతి అనుకోకండి. ఆదిలాబాద్ గోండు గూడేలలోను, విశాఖ మన్యంలోను ఈ వ్యాధి ఉన్నది. బిడ్డ కాళ్ళు చేతులు వాచి ఏడుస్తుంటే దిష్టి అని ఎందరు తల్లులు కుమిలిపోయారో! అమ్మా, అది దిష్టి కాదు, నీ తప్పు కాదు. తల్లి, తండ్రి ఇద్దరూ ఆరోగ్యంగా కనబడుతూనే ఈ మార్పును చెరియొకటి మోస్తుండవచ్చు. అట్టివారికి కలిగే ప్రతి బిడ్డకూ వ్యాధి రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉన్నది.

రక్తపరీక్షతో ఇది తెలిసిపోతుంది. ఈ వ్యాధి నిర్మూలన కోసం భారత ప్రభుత్వం 2023లో జాతీయ కార్యక్రమం ఆరంభించింది. హైడ్రాక్సీయూరియా అనే మందు పసితనపు హిమోగ్లోబిన్‌ను మరల పెంచి, కడ్డీలు కట్టడాన్ని తగ్గిస్తుంది. వైద్యుని సలహా మీదనే దానిని వాడాలి. ఈ వ్యాధి గలవారు నీళ్ళు బాగా త్రాగాలి. ఒంట్లో నీరు తగ్గితే కణంలో హిమోగ్లోబిన్ చిక్కబడి, కడ్డీలు త్వరగా కడతాయి.

స్నేహితులారా, రేపు చారులో పోపు పెట్టినప్పుడు ఆ నూనె బొట్లను ఒక్క నిమిషం చూడండి. అవి ఎందుకు చేరుతున్నాయో మీ పిల్లలకు చెప్పండి. ఈ వ్యాధి ఉన్న ప్రాంతంలో పెండ్లి మాటలు జరుగుతుంటే, జాతకాలతో పాటు రక్తపరీక్ష మాట కూడ ఎత్తండి. సెలవు.