ట్యాంకులో మునిగి ఉండే మోటారు

బాచుపల్లిలో ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకి బోరు మోటారు కష్టాలు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండలు ముదరగానే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో "మోటారు కాలిపోయింది, ఇవాళ్టికి ట్యాంకరు చెప్పాం" అన్న కబురు వస్తుంది. బోరులో దింపిన మోటారుని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న నీళ్లే. నీళ్లు కిందికి జారిపోయాయని తెలియక స్విచ్చి వేసి వదిలేస్తే వైండింగు మాడిపోతుంది. ఇలాంటి మోటారే ఒకటి మీ కారులో, చాలావరకు వెనక సీటు కింద, పెట్రోలు ట్యాంకులో మునిగి ఉంటుంది. పిడికిట్లో పట్టేంత ఉంటుంది. దాన్ని చల్లబరిచేది పెట్రోలే. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఫ్యూయల్ పంపు రోగాలు సగం అర్థమైనట్టే.

"తాతా, ఆ మోటారుని ఇంజను పక్కనే పెట్టొచ్చుగా, ట్యాంకులో ఎందుకు దాచారు?" అని మా మనవడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఇంజను పక్కన పెడితే అది పెట్రోలుని దూరం నుంచి పీల్చాలి. మనం గొట్టంతో పీలుస్తున్నాం అనుకుంటాం గానీ అసలు పని చేసేది బయటి గాలి. గొట్టంలో పీడనం తగ్గిస్తే, బయటి గాలి ఒత్తిడి ద్రవాన్ని లోపలికి నెడుతుంది. ఆ ఒత్తిడి నీళ్లని మహా అయితే పది మీటర్లు ఎత్తగలదు. అందుకే లోతు బోర్లలో మోటారుని కిందికి దింపి నీళ్లని పైకి తోయిస్తారు. పెట్రోలుతో ఇంకో చిక్కుంది. అది ఇట్టే ఆవిరయ్యే సరుకు. 38 డిగ్రీల వేడికే దాని ఆవిరి పీడనం గాలి పీడనంలో దాదాపు సగం దాకా వస్తుంది. అలాంటిదాన్ని వేడి గొట్టంలోంచి లాగబోతే, పీడనం తగ్గిన చోటల్లా బుడగలు కడుతుంది. బుడగ నలుగుతుంది, ఉబ్బుతుంది, అంతే. పెట్రోలు ముందుకు కదలదు.

పాత అంబాసిడర్లు, ఫియట్లు నడిపినవాళ్లకి ఇది అనుభవమే. వాటి పంపు ఇంజనుకే బిగించి ఉండేది. క్యామ్‌షాఫ్టు తిరిగినప్పుడల్లా ఒక లివరు లోపలి డయాఫ్రాన్ని ఆడిస్తూ ఎక్కడో వెనకున్న ట్యాంకు నుంచి పెట్రోలు లాగేది. మే నెల ఎండలో ఘాటు రోడ్డెక్కితే బండి దగ్గి ఆగిపోయేది. డ్రైవరు బానెట్ ఎత్తి, తుండుగుడ్డ తడిపి పంపు మీద కప్పి, చెట్టు నీడన కాసేపు కూర్చునేవాడు. గుడ్డలోని నీళ్లు ఆరుతూ పంపులోని వేడిని పట్టుకుపోయేవి. లోపలి బుడగలు మళ్లీ పెట్రోలయ్యేవి, బండి కదిలేది. భౌతికశాస్త్రం ఒక్క ముక్క చదవని డ్రైవర్లు ఈ వైద్యం చేసేవాళ్లంటే నాకు ఇప్పటికీ గౌరవమే. 2000 ప్రాంతంలో కార్బురేటరు పోయి, మారుతి 800కి కూడా ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చేసింది. ఇంజెక్టర్లకి పెట్రోలు ఒత్తిడితో అందాలి. అలా కరెంటు పంపు ట్యాంకులోకి చేరింది. అది గొట్టంలో సుమారు 3 నుంచి 4 బార్ల పీడనం నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో పెట్రోలు అంత తేలిగ్గా మరగదు.

ఇది వినగానే ఎవరికైనా ఒక భయం పుడుతుంది. మోటారన్నాక కార్బన్ బ్రష్షులుంటాయి, బ్రష్షులన్నాక నిప్పురవ్వలుంటాయి. పైగా పెట్రోలు ఆ మోటారు పొట్టలోంచే, తిరిగే ఆర్మేచరుని ఒరుసుకుంటూ పారుతుంది. మరి అంటుకోదా? అంటుకోదు. మండటానికి గాలి కావాలి, ద్రవంలో అది లేదు. మరి ట్యాంకు పైభాగంలో ఖాళీ ఉంటుంది కదా అంటారేమో. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటేనే మంట పుడుతుంది. మన వాతావరణంలో మూసిన ట్యాంకులో ఆవిరి ఆ హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మంట పుట్టడానికి చాలినంత గాలి అక్కడ మిగలదు. ట్యాంకు మూత తీసి పంపుని బయటికి లాగిన క్షణాన మాత్రం లెక్క తిరగబడుతుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక ఈ మోటారు ఎలా చస్తుందో చూద్దాం. పొద్దున ఎనిమిదిన్నరకి బాచుపల్లి నుంచి మియాపూర్ మీదుగా హైటెక్ సిటీకి బయల్దేరిన కారుని తీసుకోండి. అడుగు కదలడం, ఆగడం. ఇంజను తాగే పెట్రోలు చాలా తక్కువ. కానీ పంపు గంటకి పదుల లీటర్లు తోసేలా చేసినది. చాలా కార్లలో అది ట్రాఫిక్కున్నా హైవే అయినా ఒకే ఊపున తిరుగుతుంది. ఇంజను వాడుకోని పెట్రోలంతా మళ్లీ ట్యాంకులోకే వస్తుంది, వస్తూ మోటారు వేడిని తెస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే ఆ వేడి అంత పెట్రోలులో కలిసి తెలియకుండా పోతుంది. మూడు లీటర్లే ఉంటే ఆ మూడు లీటర్లే తిరిగి తిరిగి కాగుతాయి. ఇప్పటి పంపుల చుట్టూ ఒక ప్లాస్టిక్ గిన్నె ఉండి, పెట్రోలు తగ్గినా మోటారుని మునిగేలా చూస్తుంది. కాబట్టి ఒకరోజు రిజర్వులో నడిపితే కొంప మునగదు. ఏడాది పొడుగునా లైటు వెలిగాకే బంకుకి వెళ్లే అలవాటుంటే మాత్రం బ్రష్షులు, అవి రాసుకునే కమ్యుటేటరు ముందే అరిగిపోతాయి. అడుగున పేరుకున్న మడ్డి కూడా అప్పుడే పంపు మూతికున్న జల్లెడకి పట్టుకుంటుంది. పావు ట్యాంకు కంటే దిగనివ్వకండి అని మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

రోగం ముదిరినప్పుడు లక్షణాలు ఒక వరసలో కనిపిస్తాయి. మొదట ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు పికప్ తగ్గుతుంది, ఏసీ వేస్తే జర్కులు కొడుతుంది. వెనక సీటు కింద నుంచి సన్నగా కూత వినిపిస్తుంది. తర్వాత పొద్దున బాగానే స్టార్టయి, ముప్పావు గంట ట్రాఫిక్కులో నలిగాక ఆగిపోతుంది. పక్కకి నెట్టి అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు మళ్లీ నడుస్తుంది. అరిగిన మోటారు వేడెక్కితే పట్టేసి, చల్లారాక వదులుతుందన్నమాట. చివరికి ఒకరోజు సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, బండి స్టార్టవదు.

నేను గట్టిగా చెప్పదలచిన మాట ఇక్కడుంది. సెల్ఫ్ తిరిగి బండి స్టార్టవకపోతే నూటికి తొంభైమంది నోట వచ్చేది "పంపు పోయింది సార్, మార్చాలె" అన్న మాటే. పంపు అసెంబ్లీ వేలల్లో ఉంటుంది, దానికి కరెంటు అందించే రిలే వందల్లో దొరుకుతుంది. పంపు నిజంగా పోయిందా, పోతే ఎందుకు పోయింది అని తేల్చకుండా డబ్బు తీయకండి.

తేల్చడానికి మొదటి పనిముట్టు మీ చెవి. కిటికీలు మూసి, ఏసీ, రేడియో ఆపి, తాళం ఆన్ దాకా మాత్రమే తిప్పండి. బటన్ బండి అయితే బ్రేకు తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కండి. వెనక నుంచి సుమారు రెండు సెకన్లపాటు "జుయ్య్" మని శబ్దం వచ్చి ఆగుతుంది. ఇంజను తిరిగే ముందు గొట్టంలో ఒత్తిడి నింపుకోవడమది. తర్వాత ఇంజను తిరుగుతోందన్న కబురు అందితేనే ఇంజను కంప్యూటరు (ఈసీఎం) పంపుని మళ్లీ నడుపుతుంది. ప్రమాదంలో ఇంజను ఆగిపోతే పంపు కూడా ఆగాలని చేసిన ఏర్పాటు ఇది, ఎందరి ప్రాణాలో కాపాడే ఏర్పాటు. కానీ రోగం కనిపెట్టేటప్పుడు దీన్ని మర్చిపోతే దారి తప్పుతాం. ఇంజను తిరుగుతోందని చెప్పాల్సిన క్రాంక్ సెన్సరు చెడితే, పంపు శుభ్రంగా ఉన్నా నడవదు. ప్లగ్గుల్లో స్పార్కూ రాదు. తాళం తిప్పినప్పుడు జుయ్య్‌మని, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు అసలు కదలకపోతే ముందు ఆ సెన్సరుని అనుమానించండి. డ్యాష్‌బోర్డులో తాళంచెవి బొమ్మ మిణుకుమంటుంటే అది దొంగతనం ఆపే ఇమ్మొబిలైజరు గొడవ కావచ్చు.

శబ్దమే రాలేదనుకోండి. అప్పుడూ పంపు మీద పడకండి. ఫ్యూజు చూడండి. చాలా బళ్లలో హారన్ రిలే, పంపు రిలే ఒకే రకానివి. నంబర్లు ఒకటేనని చూసుకుని రెండూ అటూ ఇటూ మార్చి చూస్తే ఖర్చు లేకుండా ఒక అనుమానం తీరుతుంది. ఆ తర్వాత మల్టీమీటరు. పంపు కనెక్టరు దగ్గర వోల్టేజీ చూడాలి, అదీ కనెక్టరు ఊడదీయకుండా, తాళం ఆన్ చేసిన ఆ రెండు సెకన్లలో చూడాలి. తీగ ఊడదీసి కొలిస్తే, ఒక్క పోగు మీద వేలాడే తీగ కూడా 12 వోల్టులు చూపిస్తుంది. కరెంటు లాగినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది. బ్యాటరీకీ కనెక్టరుకీ మధ్య ఒక వోల్టు కంటే ఎక్కువ తేడా కనిపిస్తే దోషం వైరులోనో, తుప్పు పట్టిన ఎర్తులోనో ఉందన్నమాట. అప్పుడు కొత్త పంపు వేసినా అది కూడా నీరసంగానే తిరుగుతుంది. కనెక్టరుకి పూర్తి వోల్టేజీ, ఎర్తు అందుతున్నా మోటారు తిరగకపోతే, అప్పుడు పంపే దోషి. రోడ్డు మధ్యలో ఇరుక్కున్నవాళ్లు ట్యాంకు అడుగున అరచేత్తో గట్టిగా తడితే ఇరుక్కున్న బ్రష్షు ఒకోసారి కదిలి బండి స్టార్టవుతుంది. దాన్ని షెడ్డు దాకా వెళ్లడానికే వాడుకోండి.

పంపు తిరుగుతున్నా బండికి బలం లేకపోతే పీడనం గేజి పెట్టాల్సిందే. గేజి లేకుండా పంపు వీక్ అని చెప్పేవాళ్లని నేను నమ్మను. కంపెనీ చెప్పిన అంకె కంటే పీడనం తక్కువుంటే జల్లెడో ఫిల్టరో మూసుకుందేమో, రెగ్యులేటరు చెడిందేమో చూడాలి. నడుస్తున్నప్పుడు పీడనం సరిగ్గా ఉండి, తాళం తీయగానే జారిపోతే, పంపు బయటి దారిలోని కవాటం గానీ ఇంజెక్టరు గానీ కారుతోంది. పొద్దున్నే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడానికి ఇదో కారణం.

ఒక్కోసారి యజమాని తప్పు, మెకానిక్కు తప్పు ఏదీ ఉండదు. పంపు లోపల చిన్న ప్లాస్టిక్ చక్రం (ఇంపెల్లరు) ఉంటుంది, పెట్రోలుని తోసేది అదే. దానికీ చుట్టూ ఉన్న గోడకీ మధ్య సందు వెంట్రుకంతే. ఆ ప్లాస్టిక్ పెట్రోలు పీల్చి రవ్వంత ఉబ్బినా గోడకి రాసుకుని బిగుసుకుంటుంది. 2020 జనవరిలో టయోటా అమెరికాలో సుమారు 7 లక్షల బళ్లని ఈ పంపు కోసమే వెనక్కి పిలిచింది. మన దేశంలో మారుతి 2020 జులైలో 1,34,885 వ్యాగన్ ఆర్, బాలెనో బళ్లని ఫ్యూయల్ పంపు కోసం పిలిచింది. హోండా ఇంపెల్లరు లోపం ఉండొచ్చని 2024 అక్టోబరులో 90,468 బళ్లకి పంపు మారుస్తానంది. అందుకని పాత బండి కొన్నవాళ్లు ముందు కంపెనీ వెబ్‌సైటులో ఛాసిస్ నంబరు కొట్టి చూడండి. మీ బండి ఆ జాబితాలో ఉంటే పంపు ఉచితంగా మారుస్తారు.

పంపు మార్చడం చూడ్డానికి తేలిక. వెనక సీటు ఎత్తితే కొన్ని బళ్లలో మూత కనిపిస్తుంది, కొన్నిటికి ట్యాంకే దించాలి. ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజను ఆగేదాకా నడిపి గొట్టంలో ఒత్తిడి తగ్గించాలి. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. ఇందాక చెప్పిన మంట లెక్క ఇప్పుడు గుర్తు తెచ్చుకోండి. మూత తీయగానే ఆవిరి బయటి గాలిలో కలిసి, ఎక్కడో ఒక చోట ఆ 1.4, 7.6 శాతాల మధ్యకి తప్పకుండా వస్తుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, నేలని పట్టుకుని పాకుతుంది. మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లు చూశారుగా, నేల మట్టం కంటే కిందుంటాయి. ఆ మూలనే సంపు మోటారు, లిఫ్టు గుంట, కరెంటు మీటర్లు. మెకానిక్కుని ఇంటికి పిలిచి సెల్లార్లో ఈ పని చేయించేవాళ్లని చూస్తే నాకు గుండె దడ. దయచేసి వద్దు. బండిని ఆరుబయటికి నెట్టించండి, లేదా షెడ్డుకి లాగించండి. అక్కడ కూడా ఫోను టార్చితో ట్యాంకులోకి తొంగి చూడనివ్వకండి. కొత్త పంపుతోపాటు కొత్త రబ్బరు సీలు వేయమని అడగండి.

వానాకాలంలో ఇంకో శత్రువు ఉంది, నీళ్లు. 2025 జూన్‌లో మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ముఖ్యమంత్రి కాన్వాయ్‌లోని 19 బళ్లు డీజిలు పోయించుకున్న కాసేపటికే ఆగిపోయాయి. డీజిల్లో నీళ్లు కలిశాయి. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ కాస్త తడిని తనలో కలుపుకుని ఇంజనుకి పంపించేస్తుంది. నీళ్లు హద్దు దాటితే మాత్రం పెట్రోలుని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. పంపు మూతి ఉండేది సరిగ్గా అడుగునే. బంకు నుంచి బయటికొచ్చిన కొద్ది దూరంలోనే బండి మొరాయిస్తే, పంపు కంటే ముందు బిల్లు దాచుకోండి. మెకానిక్కుతో ట్యాంకు అడుగు పెట్రోలు గాజుసీసాలోకి తీయించి నిలబెట్టండి. నీళ్లుంటే కింద వేరే పొర తేలిగ్గా కనిపిస్తుంది.

పంపు మార్పించాక పాతదాన్ని షెడ్డులో వదిలేసి రావొద్దు, అక్కడే విప్పించి చూడండి. ముందు జల్లెడ చూడండి. ఎర్రటి తుప్పు పొడి ఉంటే అది ట్యాంకుది, నల్లటి జిగురు ఉంటే ఏళ్లుగా పేరుకున్న మడ్డి. పంపంతా ఆరుబయట ఆరబెట్టాక హ్యాక్సా బ్లేడుతో చేత్తోనే డబ్బా కోయిస్తే బ్రష్షులు బయటపడతాయి. పెసరగింజంత మిగిలితే వయసైపోయి పోయింది. బ్రష్షులు ఇంకా బారుగా ఉండి, కమ్యుటేటరు రాగి నీలంగా కమిలిపోయి ఉంటే వేడికి పోయింది. చక్రం అంచున గీతలు పడి ఉంటే రాసుకుని పోయింది. జల్లెడలో తుప్పు కనిపిస్తే మాత్రం ట్యాంకు కడిగించకుండా బండి బయటికి తీయకండి, లేకపోతే ఇప్పుడే వేసిన కొత్త పంపు కూడా అదే తుప్పు మింగుతుంది.