ఇన్సులిన్ పంపు ఎంపిక (చేతి పనితనం తగ్గినవారికి)

'''ఇన్సులిన్ పంపు''' అనేది మధుమేహ రోగి చర్మం క్రింది పొరలోకి ఇన్సులిన్‌ను రోజంతా కొద్దికొద్దిగా పంపించే చిన్న యంత్రం. దీనిని ముఖ్యంగా ఒకటవ రకం మధుమేహం ఉన్నవారు వాడుతారు. వేళ్ళ కదలిక, చేతి పట్టు తగ్గినవారు పంపును ఎంచుకొనేటప్పుడు ధరతో పాటు, దానిని తమంతట తాము ఎంతవరకు నడపగలరన్నది కూడా చూడవలసి ఉంటుంది.

== చరిత్ర ==
1921లో కెనడాలోని టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో దానిని మొదటిసారి ఒక రోగికి ఇచ్చారు. 1960వ దశకంలో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కాడిష్ తయారుచేసిన తొలి పంపును వీపు మీద మోయవలసి వచ్చేది. నేటి పంపులు జేబులో ఇముడుతాయి.

== పనిచేయు విధానం ==
పంపులో త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే నింపుతారు. అది నిరంతరంగా ఇచ్చే మోతాదును బేసల్ అనీ, భోజన సమయంలో ఇచ్చే అదనపు మోతాదును బోలస్ అనీ అంటారు. శరీరంలో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ నిల్వ ఉండదు కనుక గొట్టం మడతపడినా, సూది ఊడినా కొన్ని గంటలలోనే కీటోఅసిడోసిస్ అనే ప్రాణాపాయ స్థితి ఏర్పడవచ్చు. గొట్టాన్ని, సూదిని సాధారణంగా 2 లేక 3 రోజులకు ఒకసారి మార్చాలి.

== చేతి సమస్యలు ==
పక్షవాతం, పోలియో, కీళ్ళవాతం, ప్రమాదాల వలన చేతి పనితనం తగ్గవచ్చు. మధుమేహం కూడా కొందరిలో వేళ్ళ కీళ్ళను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఇటువంటివారు నమస్కారం పెట్టినప్పుడు రెండు అరచేతులు పూర్తిగా ఆనవు. నరాలు దెబ్బతిన్నప్పుడు వేళ్ళకు స్పర్శ కూడా తగ్గుతుంది.

== పనుల విభజన ==
పంపుతో చేయవలసిన పనులు రెండు రకాలు.
* '''మరొకరు చేయదగినవి:''' సీసా నుండి ఇన్సులిన్ నింపడం, గాలి బుడగలు తీయడం, అతుకు కాగితం ఒలవడం, సూది గుచ్చడం. ఇవి రెండు మూడు రోజులకు ఒకసారి వచ్చే పనులు. కుటుంబసభ్యులు నేర్చుకోవచ్చు.
* '''రోగి స్వయంగా చేయవలసినవి:''' భోజనానికి ముందు బోలస్ ఇవ్వడం, హెచ్చరికకు స్పందించడం, చక్కెర పడిపోయినప్పుడు పంపును ఆపడం, అవసరమైతే గొట్టాన్ని విడదీయడం. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇవి తప్పవు.

కనుక రెండవ రకం పనులను సులభం చేసే పంపునే ముందుగా పరిశీలించాలి.

== ఎంపికలో చూడవలసినవి ==
* మీటలు గట్టిగా నొక్కవలసినవా, తెరను తాకితే చాలునా? స్పర్శ తగ్గినవారికి ఎత్తుగా ఉండే మీటలు కొంత మేలు. వేళ్ళలో బలం తగ్గినవారికి తాకుతెర అనుకూలం.
* సూది గుచ్చే పరికరాన్ని రెండు వైపులా ఒకేసారి నొక్కాలా, ఒక చేతితో వాడవచ్చునా?
* గొట్టం లేకుండా చర్మానికి అతికే పంపులో విడదీసే పని ఉండదు. అయితే మొత్తం పరికరాన్ని తరచు మార్చాలి.
* బ్యాటరీ మూతను నాణెంతో తిప్పాలా, ఛార్జింగు పెట్టాలా?
* హెచ్చరిక శబ్దంగా వస్తుందా? స్పర్శ తగ్గినవారు ప్రకంపనను గుర్తించలేకపోవచ్చు.

భారతదేశంలో లభించే మెడ్‌ట్రానిక్ మినీమెడ్ 780జి వంటి పంపులు సెన్సారు సహాయంతో బేసల్ మోతాదును తామే సవరించుకుంటాయి. ఇందువలన చేతి పని కొంత తగ్గుతుంది. భోజనపు బోలస్‌ను మాత్రం రోగే ఇవ్వాలి.

== జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతంలో ==
2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడిన ఈ మూడు జిల్లాలలోనూ నేడు ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. మహబూబాబాద్ కళాశాల 2022లో, జనగామ, భూపాలపల్లి కళాశాలలు 2023లో ప్రారంభమయ్యాయి. జనగామ, మహబూబాబాద్ పట్టణాలకు రైలు సౌకర్యం ఉంది. భూపాలపల్లి నుండి వరంగల్‌కు రోడ్డు మీదనే వెళ్ళాలి. కనుక విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, పంపు చెడితే ఎన్ని రోజులలో మరొకటి వస్తుందో కొనకముందే తెలుసుకోవాలి. పంపు ధర లక్షల రూపాయలలో ఉంటుంది. విడిభాగాల ఖర్చు ప్రతి నెలా ఉంటుంది.

== జాగ్రత్తలు ==
* మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు ఉన్న సీసాలు రెండూ దొరుకుతాయి. పంపులు సాధారణంగా 100 యూనిట్ల ఇన్సులిన్ కొరకు తయారైనవి. 40 యూనిట్లది నింపితే మోతాదు సగానికన్న తక్కువవుతుంది.
* ఎండాకాలంలో పంపును నేరుగా ఎండ తగలకుండా ఉంచాలి. వేడికి ఇన్సులిన్ శక్తి తగ్గుతుంది.
* పంపు ఆగిపోతే వాడుటకు, రోగి చేతికి అనువైన ఇన్సులిన్ పెన్నును ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.
* కొనకముందు వైద్యుని సమక్షంలో ఉప్పునీటి ద్రావణం నింపిన పంపును ధరించి, స్వయంగా చేయవలసిన పనులన్నీ చేసి చూడడం మంచిది.