నోటికి మూరెడు దూరం

చందనవెల్లి చేను గట్టు మీద ఒక రైతును నిలబెట్టి నాలుగు మాటలు రికార్డు చేయాలనుకోండి. ఒకవైపు పత్తి, బోరు మోటరు. ఇంకోవైపు పారిశ్రామిక వాడ, దానికి వచ్చీపోయే లారీలు. షాబాద్ మండలంలోని ఈ ఊళ్లో ఇప్పుడు పొలాల పక్కనే ఫ్యాక్టరీలు, డేటా సెంటర్లు ఉన్నాయి. అక్కడి నుంచి చేవెళ్ల, మొయినాబాద్ వైపు వస్తే మర్రిచెట్ల రోడ్డు మీద బండ్ల హోరు, ఫామ్‌హౌస్‌లలో పెళ్లి షూట్లు, పైన శంషాబాద్ విమానాలు. కెమెరా పెట్టడానికి ఎంత అనువైన ప్రాంతమో, మైకు పెట్టడానికి అంత కష్టమైన ప్రాంతం.

ఎదురుగా నిలబడ్డ మనకు ఆ రైతు మాట బాగానే వినిపిస్తుంది. చెవి వెనక ఉన్న మెదడు కావాల్సిన గొంతును ఏరుకుని మిగతాది పక్కన పెడుతుంది. మైకుకు ఆ తెలివి లేదు. తన పల్చటి పొర మీద పడిన గాలి ఒత్తిడినంతా, గొంతైనా మోటరైనా, ఒకే లెక్కన కరెంటుగా మారుస్తుంది. కాబట్టి ఏరే పని మనమే చేయాలి. అందుకు మన చేతిలో ఉన్న అన్నిటికంటే బలమైన సాధనం దూరం.

మన పాత కొలతల్లో నాలుగు మూరలు ఒక బార. మైకును నోటికి బారెడు దూరం నుంచి మూరెడు దూరానికి తెస్తే, ఆరుబయట ఆ గొంతు 12 డెసిబెల్స్ పెరుగుతుంది. శక్తి లెక్కలో అది 16 రెట్లు. దూరాన ఉన్న లారీ చప్పుడు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఎంత ఖరీదైన మైకైనా బారెడు దూరంలో ఉంటే, మూరెడు దూరంలో ఉన్న చవక మైకు ముందు తేలిపోతుంది. కెమెరా నెత్తిన బిగించిన మైకు చాలా వీడియోలను పాడుచేసేది ఇందుకే.

మైకు పుట్టినప్పుడు ఈ దూరం బాధే లేదు. 1877, 78లలో ఎమిల్ బెర్లినర్, థామస్ ఎడిసన్, డేవిడ్ హ్యూస్ వేర్వేరుగా దాని మీద పనిచేసిన రోజుల్లో అది టెలిఫోన్ కోసం. మనిషే నోటిని మైకు దగ్గరకు తెచ్చేవాడు. 1916లో ఇ.సి. వెంటే తయారుచేసిన కండెన్సర్ మైకు, అంతకుముందటి గరగరలాడే కార్బన్ మైకు కంటే ఎంతో నాణ్యంగా పలికింది. స్టూడియో రేడియోలోనూ మనిషి మైకు ముందుకు వచ్చి మాట్లాడితే సరిపోయేది. చిక్కంతా టాకీతో వచ్చింది. సినిమాలో మైకు కనపడకూడదు, నటుడు కదలాలి, మాట మాత్రం దగ్గరగా వినపడాలి.

తొలి టాకీల వాళ్లు మైకును పూలకుండీలోనో, బల్ల వెనకో దాచేవారు. దాని చుట్టుపక్కలే నటులు మెలగాలి. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'ను హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసినప్పుడు ప్లేబ్యాక్ అనేదే లేదు. సురభి నాటక సమాజం నటులు కెమెరా ముందు పాడిందే పాట, పలికిందే మాట. మూడు గోడల అవతలికి వినపడేలా గొంతెత్తే నాటకాల వాళ్లు కావడం ఆ మైకులకు ఎంత మేలు చేసిందో!

అంతకు మూడేళ్ల ముందు, 1929లో, హాలీవుడ్‌లో 'ది వైల్డ్ పార్టీ' తీస్తున్న డొరొథీ ఆర్జ్‌నర్ ఒక ఉపాయం చేసింది. నాయిక క్లారా బో ఒకచోట నిలవలేక బిగుసుకుపోతుంటే, మైకును చేపలు పట్టే గాలం కర్రకు కట్టించి ఆమె తల మీదుగా కదిలించింది. అలాంటి ప్రయత్నాలు అప్పటికే మరికొన్ని జరిగినా, తొలి బూమ్‌గా సినిమా చరిత్రలో ఎక్కువగా చెప్పుకునేది దీన్నే. నటుడు మైకు దగ్గరకు వెళ్లే కాలం పోయి, మైకే నటుడి వెంట నడిచే కాలం వచ్చింది. ఈ కథలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే ఘట్టం ఇదే. కొత్త భౌతికశాస్త్రం ఏమీ అక్కర్లేకుండా, ఒక పొడుగాటి కర్రతో పని జరిగింది.

తర్వాత వచ్చిన షాట్‌గన్ మైకు మాత్రం అచ్చంగా భౌతికశాస్త్రం బిడ్డ. మైకు ముందు ఒక సన్నటి గొట్టం, దాని పొడవునా చీలికలు. ఎదురుగా వచ్చిన ధ్వని అన్ని దారుల్లోనూ ఒకేసారి పొరను చేరి కూడుకుంటుంది. పక్క నుంచి వచ్చింది ఒక్కో చీలికలోంచి ఒక్కో క్షణాన చేరి, తనను తానే కొట్టేసుకుంటుంది. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ తయారుచేసిన ఎంకేహెచ్ 816 ఇలాంటిదే, పొడవు అరమీటరు పైమాటే. దానికి 1987లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం వచ్చింది. దాని తమ్ముడు 416 పొడవు 25 సెంటీమీటర్లు. ఇవాళ్టికీ సినిమా సెట్ల మీద కనిపిస్తుంది. దాని సర్క్యూట్ తీరు వల్ల వానాకాలపు తేమలోనూ గరగరలాడదు.

అయితే ఆ గొట్టం తన పొడవు కంటే చిన్న తరంగాల మీదే గట్టిగా పనిచేస్తుంది. 25 సెంటీమీటర్ల తరంగమంటే సుమారు 1,370 హెర్ట్జ్. జనరేటర్ గుర్రు 50, 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. దాన్ని ఈ గొట్టం ఆపలేదు. అందుకే చందనవెల్లి లాంటి చోట బూమ్‌ను పైనుంచి కిందికి, రైతు ఛాతీ వైపు వంచి పట్టాలి. అప్పుడు మైకు చూపు నేల వైపు ఉంటుంది, రోడ్డు దాని చూపులో పడదు. మిగిలిన గుర్రును మైకు మీదో రికార్డర్‌లోనో ఉండే, కింది స్వరాలను కోసే లో-కట్‌తో తగ్గించుకోవచ్చు.

ఇదే మైకును స్లాబు ఇంట్లోకి తీసుకెళ్తే కథ తిరగబడుతుంది. గోడలకు, పైకప్పుకు కొట్టుకుని వచ్చేది అదే గొంతు, కాస్త ఆలస్యంగా. అది పక్క నుంచి గొట్టంలో దూరి కొంత పోయి కొంత మిగిలి, మాటను డబ్బాలో మాట్లాడినట్టు చేస్తుంది. లోపలి షూటింగుకు గొట్టం లేకుండానే ఎదుటి వైపు ఎక్కువగా వినే చిన్న హైపర్ కార్డియాయిడ్ మైకే మేలు. అది అన్ని స్వరస్థాయుల్నీ ఇంచుమించు ఒకేలా వింటుంది కాబట్టి గది ప్రతిధ్వని కూడా సహజంగానే ఉంటుంది. రెండో మైకు కొనే స్తోమత లేకపోతే కింద జంపఖానా పరచండి, కెమెరాకు కనపడని గోడలకు బొంతలు వేలాడదీయండి. పాత చీరలు కలిపి కుట్టిన బొంత, దుకాణంలో దొరికే పల్చటి ఫోమ్ షీట్ల కంటే బాగా ధ్వనిని పీల్చుకుంటుంది.

బయట గాలిది వేరే గోల. గాలి మైకు పొరకు తగిలి సుడులు తిరిగితే వచ్చే బుడబుడ శబ్దాన్ని ఎడిటింగ్‌లో పూర్తిగా తీసేయడం సాధ్యం కాదు. మైకుతో వచ్చే ఫోమ్ టోపీ గది ఫ్యాను వరకే. చేలల్లోకి వెళ్లాలంటే బొచ్చు తొడుగు తప్పనిసరి. వెంట్రుకలు గాలి ఊపును ముందే విరగ్గొడతాయి. ఇంకా ఈదురు గాలైతే మైకు చుట్టూ బుట్టలాంటి బ్లింప్ కావాలి. అందులో నిలిచి ఉన్న గాలే మైకుకు కాపలా. ఇంగ్లండులో రైకోట్ కంపెనీ 1969 నుంచి ఇలాంటి తొడుగులు చేస్తోంది.

కాలర్ మైకు ఈ కథలో ఇంకో కొమ్మ. 1962లో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కలిసి, విద్యుదావేశాన్ని ఏళ్ల తరబడి తనలోనే నిలుపుకునే పల్చటి పొరతో మైకు చేశారు. అదే ఎలెక్ట్రెట్. మైకు గోరంత అయింది, చవకైంది. నడుస్తూ మాట్లాడే మనిషికి, దూరపు షాటుకు దాన్ని మించింది లేదు. కానీ చీర కొంగు, భుజాన తువ్వాలు రాసుకుంటే ఆ మాట పోయినట్టే. ఇద్దరు ముగ్గురు కూర్చుని ముచ్చట పెట్టే చోట నా ఓటు బూమ్‌కే. దాంట్లో గొంతుతో పాటు చోటు కూడా వినిపిస్తుంది.

చోటు వినిపించడం మనం చాలాకాలం పోగొట్టుకున్నాం. ఔట్‌డోర్‌కు చప్పుడు చేసే కెమెరాలు వెళ్లాక తెలుగు సినిమా డబ్బింగ్‌కు అలవాటుపడింది. హిందీలో 2001 నాటి 'లగాన్', మన దగ్గర 2016 నాటి 'పెళ్లిచూపులు' షూటింగ్‌లో పలికిన మాటనే నిలబెట్టి చూపించాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి యూట్యూబ్ చానెల్ 'మై విలేజ్ షో'లో గంగవ్వ మాట లోకమంతా పాకింది. చేవెళ్ల, షాబాద్ పల్లెల యాస కూడా అంతే స్పష్టంగా దక్కాలని నా కోరిక. యాసలోని విరుపులు, స, చ లాంటి హల్లులు పై స్వరస్థాయుల్లో ఉంటాయి. మైకు దూరమైతే, పక్కకు తిరిగితే ముందు మాసిపోయేవి అవే.

కాబట్టి చేతిలో డబ్బు తక్కువున్న కుర్రాళ్లకు నేను చెప్పే వరస ఇది. ముందు చెవులు మూసే హెడ్‌ఫోన్స్, తర్వాత రెండున్నర మూడు మీటర్లు సాగే బూమ్ రాడ్, దానికి రబ్బరు ఊయల వేసిన షాక్ మౌంట్, ఆపైన బొచ్చు తొడుగు. రాడ్ అల్యూమినియందైనా పర్వాలేదు. కార్బన్ ఫైబర్‌దైతే మధ్యాహ్నానికి చేతులు తక్కువ లాగుతాయి. మైకు చివర కొనండి. కొనేముందు దానికి మైకు తీగలోనే వచ్చే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్ కావాలా, మీ రికార్డర్ ఇస్తుందా చూసుకోండి. 1966లో నార్వే రేడియో స్టూడియోల్లో దీపాల కోసం 48 వోల్టులు ఉంటే, న్యూమాన్ కంపెనీ అదే వోల్టేజీకి మైకు చేసింది. అదే ప్రపంచమంతా నిలిచిపోయింది. రాడ్ పట్టే మనిషికి మాటలు ముందే చదివి వినిపించండి. ఎవరి తర్వాత ఎవరు మాట్లాడతారో తెలిస్తేనే మైకు వేళకు వాళ్ల మీదికి చేరుతుంది.