శీతకాలపు వాతావరణ సూచనలు - వానిని నమ్మవలసిన తీరు

కార్తిక మాసము ప్రవేశించినది మొదలు కృష్ణా గోదావరి డెల్టాలలోని రైతునకు ఒక చూపు పండిన చేని మీదను, రెండవ చూపు తూర్పు ఆకాశము మీదను ఉండును. నెలల తరబడి పడిన కష్టము ఒక్క వానకు పనల మీదనే మొలకెత్తుట మనలో నెరుగని వారు లేరు. అందుచేతనే ఈ దినములలో సభ్యులు నన్నడుగు ప్రశ్న తరచుగా నొక్కటియే. "అయ్యా! వాన వచ్చునని చెప్పుచున్నారు. నమ్మి కోత ఆపవలెనా? నమ్మక కోయవలెనా?"

ఈ ప్రశ్నకు అవుననిగాని కాదనిగాని ఒక్క మాటలో జవాబు చెప్పుటకు వీలులేదు. సూచనలోని యే భాగమును, ఎన్ని దినముల వఱకు, ఎంతమట్టుకు నమ్మవచ్చునో తెలిసికొనుటయే మనకు కావలసినది.

మన పెద్దలు కార్తెలను బట్టి సేద్యము చేసిరి. సూర్యుడొక నక్షత్రమునందుండు పదుమూడు, పదునాలుగు దినముల కాలమే కార్తె. అది సూర్యగతిని బట్టి యేర్పడినది గనుక ఋతువును చక్కగా తెలుపును. స్వాతి, విశాఖ కార్తెలలో బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టుట సహజమని హెచ్చరించును. కాని రాబోవు మంగళవారమున మన ఊర వాన కురియునా యన్న ప్రశ్నకు కార్తె జవాబీయజాలదు. ఆ పని 1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖ వారి సూచనలది. రైతుల కొఱకు మంగళ, శుక్రవారములలో రాబోవు 5 దినముల వాతావరణమును, దానికి తగిన సేద్యపు సలహాలను వారు తెలుపుచున్నారు.

ఈ సూచనలలోని మాటలకు నిర్ణయమైన యర్థము కలదు. "ఒకటి రెండు చోట్ల వాన" యనిన, ఆ ప్రాంతమునందలి వర్షమాపక కేంద్రములలో నూటికి 25కు మించని కేంద్రములలో వాన పడునని భావము. "దాదాపు అన్ని చోట్ల" యనిన నూటికి 75కు పైబడిన కేంద్రములలో పడునని భావము. కావున ఒకటి రెండు చోట్ల యని చెప్పిన దినమున మన చేను తడియకున్న, సూచన తప్పినదనుట న్యాయము కాదు. అది జిల్లాకు చెప్పిన మాట. మన గట్టుకు చెప్పినది కాదు.

రెండవ సంగతి దినముల లెక్క. రేపటి మాటకున్న బలము అయిదవ దినపు మాటకుండదు. నేడు గాలియందును, సముద్రమునందును గమనించిన స్థితిని బట్టి రేపటి స్థితిని గణింతురు. గణనలోని చిన్న లోపము దినదినమునకు పెరుగును. కనుక అయిదు దినముల సూచనను చూచి సిద్ధపడవలెను. కొడవలి పట్టునది, యంత్రమును పిలుచునది మాత్రము మఱునాటి సూచనను చూచియే నిశ్చయింపవలెను.

తుపానుల విషయమున రెండు నిదర్శనములు చెప్పెదను. 2013 నవంబరులో లెహర్ అను తుపాను అతి తీవ్రమై మన తీరమునకు వచ్చుచున్నదని హెచ్చరించిరి. అది మచిలీపట్టణపు వైపునకే వచ్చినది. కాని దారిలో బలము తఱిగి 28వ తేదీన వాయుగుండముగా మాత్రమే తీరము దాటినది. త్రోవ సరిపోయినది, బలము సరిపోలేదు. 2023లో మిచౌంగ్ తుపాను రాకను కొన్ని దినముల ముందుగనే తెలిపిరి. అది డిసెంబరు 5వ తేదీన బాపట్లకు దక్షిణమున తీవ్ర తుపానుగనే తీరము దాటి కోతకు వచ్చిన వరిని ముంచినది. లెహర్‌ను తలచుకొని మిచౌంగ్‌ను తేలికగా చూచిన వానికి నష్టము తప్పదు.

సూచన మంచిదా కాదా యని లెక్కించుటలో ఒక పొరపాటు కలదు. మన కోస్తాలో జనవరి నెలలో వానలు అరుదు. ఎవడైనను ప్రతిదినమును "నేడు వాన లేదు" అని చెప్పుచుండిన, నెలలో ఇంచుమించు అన్ని దినములును అతని మాట నిజమగును. అయినను అతడు మనకు చేసిన మేలేమి? కావున మూడు లెక్కలు వేఱువేఱుగా వ్రాయవలెను: చెప్పగా వచ్చిన వానలు, చెప్పియు రాని వానలు, చెప్పకయే వచ్చిన వానలు. రైతును ముంచునది ఈ మూడవదియే.

ఇక నిర్ణయము. కోత రెండు దినములు ఆపిన ఎకరమునకు వేయి రూపాయల నష్టమనియు, కోసిన పనలు తడిసిన పదివేల నష్టమనియు అనుకొందము. అట్టి యెడల వాన వచ్చుట పదింట రెండు పాళ్లే యైనను ఆగుటయే లాభము. ఏలయన పదిమార్లు ఆగినందుకు పదివేలు పోవును, ఆగకున్న రెండుమార్లు తడిసి ఇరువదివేలు పోవును. అయితే చేను మిగులపండి గింజ రాలుచున్నను, కోత యంత్రము మరల దొరకదన్నను ఆగుట వలని నష్టము హెచ్చును. అప్పుడు లెక్క మాఱును. సూచన ఒక్కటే యైనను ఇద్దరు రైతుల నిర్ణయములు వేఱగుట తప్పు కాదు.

అప్పటికే కోసియున్నచో వాన రాకమునుపే పనలను కుప్పవేసి బరకాలు కప్పవలెను. తడిసిన పనల మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లిన గింజ మొలకెత్తుట తగ్గును.

కడపటి మనవి. ప్రతి సంఘమును ఒక వర్షమాపకమును, ఒక పుస్తకమును ఉంచవలెను. ప్రతి ఉదయము 8-30 గంటలకు కురిసిన వానను కొలిచి, ఆ దినమునకు చెప్పిన సూచనను దాని ప్రక్కన వ్రాయవలెను. రెండు మూడు శీతకాలములు గడచునప్పటికి మన ఊరికి ఏ మాట ఎంత చెల్లుచున్నదో ఆ పుస్తకమే చెప్పును. పంట ఇంటికి చేరిన పిమ్మట వాదించుటకన్న, చేనిలో నుండగా లెక్క చూచుట మేలు గదా!