గుమ్మంలోంచే వెనుదిరిగే చుట్టాలు

కిందటి సంక్రాంతికి వచ్చిన మా చిన్నాడపడుచు మొహంలో పండగ కళే లేదు. తణుకులో తనకో చిన్న పచ్చళ్ల వ్యాపారం ఉంది. ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు... ఒకసారి రుచి చూసినవాళ్లు మళ్లీ అడక్కుండా ఉండరు. హైదరాబాదు, బెంగళూరు వాళ్లు కూడా కొంటారన్న ఆశతో, దాచుకున్న డబ్బు తీసి రెండేళ్ల కిందట వెబ్‌సైట్ పెట్టించింది.

“చూసేవాళ్లు రోజూ వస్తూనే ఉన్నారు వదినా. కొనేవాళ్లే లేరు. ఇలాగే ఉంటే ఉగాది దాటాక ఇద్దర్ని మానిపించాలేమో” అంది.

“పచ్చడి నచ్చలేదేమో?”

“తింటేగా నచ్చడానికీ నచ్చకపోవడానికీ!”

అప్పుడు నేనో నిజం ఒప్పుకోవాల్సి వచ్చింది. దసరాకి ఆ వెబ్‌సైట్లోనే సున్నుండలు కొందామని కూర్చుని, పావుగంట కుస్తీ పట్టి, చివరికి తనకే ఫోన్ చేశాను. ఆ సంగతి తనకి చెప్పలేదు. ఎందుకంటే, ‘డిగ్రీ చదివి ఏం లాభం, నాకే చేతకాలేదు’ అనుకున్నాను. మనలో చాలామంది ఇంతే కదా! తలుపు తెరుచుకోకపోతే తలుపుది తప్పనుకోం, మన చేతిది తప్పనుకుంటాం.

అత్తగారి పరీక్ష

ఆ మధ్యాహ్నమే ఒక పని చేశాం. మా అత్తగారి చేతికి సెల్లు ఇచ్చి, “అత్తయ్యగారూ, మీ అమ్మాయి దుకాణంలో అరకిలో గోంగూర పచ్చడి కొనండి. మేమెవరం సాయం చెయ్యం” అన్నాను.

ముందు పెద్ద పెద్ద ఫొటోలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతూ వచ్చాయి. అవన్నీ వచ్చేదాకా ఆవిడ ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత “ధర ఎక్కడే?” అన్నారు. ధర కనబడాలంటే ముందు పేరు, ఈమెయిలు, పాస్‌వర్డ్ ఇవ్వాలట. “కొట్టుకెళ్లి ‘కిలో ఎంత?’ అంటే ‘ముందు నీ ఇంటిపేరు చెప్పు’ అంటారటే ఎక్కడైనా?” అని సెల్లు పక్కన పెట్టేశారు.

పక్కింటి బ్యాంకు ఉద్యోగిని, ఎదురింట్లో టైలరింగ్ చేసే అమ్మాయి, ఇంటర్ చదివే మా అమ్మాయి కూడా ప్రయత్నించారు. టైలరింగ్ అమ్మాయికి తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు ఆనలేదు. మా అమ్మాయి అన్నీ దాటుకుని చివరిదాకా వెళ్లింది గానీ, డబ్బు కట్టేచోట కొరియర్ ఛార్జీ, దాని కింద గిఫ్ట్ ప్యాకింగ్ డబ్బులు కనిపించాయి. “గిఫ్ట్ ప్యాకింగ్ నేను అడగలేదుగా అత్తా?” అంది. ఆ గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది.

మా ఆడపడుచు మాట్లాడకుండా అన్నీ ఒక కాగితం మీద రాసుకుంది. నాతో కలిపి ఐదుగురం. తర్వాత తెలిసిందేమిటంటే, ఇలా ఐదుగురి చేత వాడించి చూస్తే చాలు, లోపాల్లో చాలావరకు బయటపడతాయని జేకబ్ నీల్సన్ అనే నిపుణుడు 2000లోనే రాశాడు. మాకు ఆయన పేరు కూడా తెలియకుండానే పని జరిగిపోయింది!

“మోసం చేసినట్టా వదినా?”

వెబ్‌సైట్ చేసిన కుర్రాణ్ణి తప్పుపట్టడానికి లేదు. పెద్ద కంప్యూటర్ తెర మీద చూసుకుంటూ చేశాడు. అందులో అంతా అందంగానే ఉంది. కొనేవాళ్లు మాత్రం పప్పు పొయ్యి మీద పెట్టి, ఒక చేత్తో సెల్లు పట్టుకుని చూస్తారు. ఆ సంగతి అతనికెవరు చెప్పారు గనక?

గిఫ్ట్ ప్యాకింగ్ టిక్కు గురించి అడిగితే, “అందరూ అలాగే పెడతారు మేడమ్” అన్నాడు. కానీ అందరూ చేసినంత మాత్రాన ఒప్పు అయిపోదు. అడగని వస్తువు బిల్లులో కలపడం, అసలు ఖర్చు చివరిదాకా దాచడం — ఈ రెండూ కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో వద్దన్న 13 తప్పుడు పద్ధతుల్లో ఉన్నాయి. అది విన్నాక మా ఆడపడుచు మొహం చిన్నబోయింది. “మనం మోసం చేసినట్టా వదినా?” అంది. తెలియక జరిగిందన్నాను. “కొనేవాళ్లకి ఆ సంగతి తెలీదుగా” అంది. ఆ రాత్రికే ఆ టిక్కు తీయించింది.

మిగతా మార్పులకి రెండు నెలలు పట్టింది. తిరిగే ఫొటోల బదులు జాడీ ఫొటో ఒక్కటే, అదీ చిన్నది. పచ్చడి పేరు పక్కనే బరువు, ధర. కొరియర్ ఖర్చు మొదటి పేజీలోనే. పాస్‌వర్డ్ గొడవ లేకుండా పేరు, చిరునామా, ఫోన్ నెంబరు ఇస్తే చాలు. ‘మన వారసత్వం’ అనే బటన్ పోయి ‘పచ్చళ్లు’, ‘పొడులు’, ‘మిఠాయిలు’ వచ్చాయి. తెలుగులో చదువుకునే వీలు కూడా పెట్టించింది.

అద్భుతం జరిగిపోయిందని చెప్పను. కానీ ‘ఎలా కొనాలండీ?’ అనే ఫోన్లు తగ్గాయి. ‘ఇంకో కిలో పంపండి’ అనేవి పెరిగాయి. ఉగాది వెళ్లిపోయింది. ఆరుగురూ పనిలోనే ఉన్నారు.

మీకూ చిన్న వెబ్‌సైట్ ఉందా?

* మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత, వాళ్ల సెల్లులోనే ఒక వస్తువు కొనిపించి చూడండి. మధ్యలో నోరు విప్పకండి.
* పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలని గూగుల్ చెబుతుంది. బరువైన ఫొటోలు తగ్గించండి.
* అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఎండలో నిలబడి చదివి చూస్తే మీకే తెలుస్తుంది.
* పేరు, చిరునామా, ఫోన్, వస్తువు వాపసు పద్ధతి, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో స్పష్టంగా ఉండాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెప్పేదీ ఇదే. ఫిర్యాదు అందిందని 48 గంటల్లోగా తెలపాలి.
* తినే వస్తువులైతే ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వారి 14 అంకెల నెంబరు కనబడేలా వేయండి.

చివరిగా ఒక్క మాట. మార్పులన్నీ అయ్యాక మా అత్తగారు ఎవర్నీ అడక్కుండా, తనే నొక్కి, అరకిలో గోంగూర తెప్పించుకున్నారు. నాలుగో రోజున జాడీ వచ్చింది. ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుని, మళ్లీ సెల్లు తీశారు.

“ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ మాట ఇందులో ఎక్కడ రాయాలే?”

పాపం, మా ఆడపడుచు ఆ బటన్ కూడా పెట్టించే పనిలో ఉంది!